మామ్మగారి మీటరూ, మా ప్రార్థనలూ

కరెంటాఫీసు బిల్లుల గుమాస్తా గారికి,

మా ప్రార్థన మందిరం పక్కింటి కుట్టుమామ్మ తరఫున వాక్యసేవకుడు రాయునది. భర్త పోయిన ఆవిడకు పింఛను తప్ప ఆధారం లేదు. ఇంట్లో ఒక బల్బు, ఒక ఫ్యాను. కుట్టుమిషను కాలితో తొక్కేది. నెలకు నూట ముప్పై ఎనిమిది యూనిట్లు ఎలా కాలుతాయండీ? పేద పింఛనుదారుల రాయితీ వంద లోపు వాళ్లకేనట! కట్టకపోతే కనెక్షన్ పీకేస్తారట! విధవరాళ్ల ఇళ్లు మింగేవాళ్లకు ఏ తీర్పు రాసి ఉందో గ్రంథం తెరిచి చూసుకోండి.

ఇట్లు,
వాక్యసేవకుడు

తా.క.: పేజీ తెలియకపోతే చెప్పండి, గుర్తు పెట్టి పంపుతాను.

అయ్యా, నమస్కారం.

మీటరు పరీక్షించాం, బాగానే ఉంది. మామ్మగారికి రెండు నెలల గడువిచ్చాం. వాడకం వంద లోపుకు దిగితే రాయితీ ఫారం నేనే నింపిస్తాను. అవసరం లేనివి ఆపి చూడమనండి.

ఉంటాను,
బిల్లుల గుమాస్తా

తా.క.: మీటరు చదివే మనిషిని నడివీధిలో నిలబెట్టి పశ్చాత్తాపపడమన్నారట. ఇక మీ వీధికి రానంటున్నాడు.

ఫరో గారికి (గ్రంథంలో జనాన్ని పీడించిన ఆ రాజే మీరు, ఇక గుమాస్తా అనను),

మీ మాట నమ్మి మామ్మ ఫ్యాను ఆపేసింది, ఈ ఎండల్లో! చీకటి పడ్డా బల్బు వెయ్యక, తడుముకుంటూ సూదితో వేలు పొడుచుకుంది. నేనూరుకున్నానా? ఆవిడ బిల్లు తగ్గాలని రోజూ మధ్యాహ్నం మందిరంలో ప్రత్యేక ప్రార్థన పెట్టాను. నాలుగు ఫ్యాన్లు, రెండు మైకులు, పేట దద్దరిల్లింది. ఫలితం? రెండు వందల ఆరు యూనిట్లు! మీది గుండేనా, బండరాయా?

మండిపడుతూ,
వాక్యసేవకుడు

తా.క.: మామ్మ అందరికంటే ముందొచ్చి ఫ్యాను కింద కూర్చుంటోంది. ఆ భక్తి మీకు ఆవగింజంత ఉన్నా చాలు!

అయ్యా,

నిన్న మా లైన్‌మన్ మామ్మగారింట్లో మెయిన్ ఆపాడు. అదే క్షణాన మందిరంలో మీ ప్రసంగం "దొంగలారా" అన్నచోట ఆగిపోయిందట. పెరటి గోడ వెంట ఒక వైరు ఆవిడ మీటరు నుంచి మీ మందిరంలోకి వెళుతోంది. మందిరం ప్రారంభానికి ఒక్కరోజుకని ఆవిడ భర్తే ఇచ్చారట. పదకొండేళ్లయింది. "తెలుసు బాబూ. చెబితే పాపం ఆ వాక్యం చెప్పే ఆయన నోరు పడిపోతుందని ఊరుకున్నా" అంది మామ్మ.

మీ,
గుమాస్తా

తా.క.: నేను ఫరోనే కావచ్చు. ఆ వైరు మాత్రం నాది కాదు.

గుమాస్తా తమ్ముడికి,

మందిరానికి బిల్లు రాకపోవడం దైవకృపేనని పదకొండేళ్లుగా సాక్ష్యం చెప్పాను, చప్పట్లు కూడా కొట్టించాను. లైన్‌మన్ వైరు కోస్తుంటే నిచ్చెన పట్టుకున్నాను. సైకిలు అమ్మి మామ్మ బకాయి కట్టాను. ఈ నెల ఆవిడకు ముప్పై ఒకటే వచ్చాయి. ఫారం మీద సంతకం పెట్టించాను, ఇందులోనే ఉంది. మీటరు మనిషికి నా క్షమాపణ చెప్పండి.

ఆవిడ తనింట్లో ఉక్కలో మగ్గుతుంటే ఎదురుగా నిలబడి ఓర్పు గురించి గంటసేపు బోధించాను తమ్ముడూ. చేసిన ప్రసంగాన్ని వెనక్కి తీసుకునే దారి ఏ అధ్యాయంలోనూ దొరకలేదు.

తలవంచుకుని,
మందిరం మనిషి

తా.క.: ఈ ఆదివారం మామ్మ ఆరాధనకు రాలేదు. జబ్బు చేసిందేమోనని పరుగెత్తాను. తన ఫ్యాను కింద గుర్రుపెట్టి నిద్రపోతోంది. ఇన్నాళ్లూ నా వాక్యం కోసమే ముందొచ్చి కూర్చుందనుకున్నాను. లేపలేదు. తలుపు దగ్గరగా వేసి వచ్చేశాను.