ఎత్తకూడని ఫోన్

12 మార్చి 2020, గురువారం

ఐర్లండ్ అంతటా స్కూళ్ళు మూసేశారు. ఏప్రిల్‌లో జరగాల్సిన మోడల్ రైల్వే ఎగ్జిబిషన్ కూడా క్యాన్సిల్. డెస్ ఫోన్ చేసి చెప్పాడు. ఏడుపొచ్చింది. ఎవరితో చెప్పుకోను? లోకం తలకిందులవుతుంటే బొమ్మ రైళ్ళకి ఏడ్చిందంటారు.

రెండేళ్ళ పని అది. మోట్ స్టేషన్ నమూనా, అక్కడ రైళ్ళు ఆగే రోజుల్లో ఎలా ఉండేదో అలా. ఇప్పుడా లైను మూసేసి బాట వేశారు, జనం సైకిళ్ళు తొక్కుతున్నారు. పట్టాలు, సిగ్నళ్ళు డెస్‌వి. చెట్లు, గడ్డి, తుప్పు, మసి నావి. వాడేసిన టీపొడి ఎండబెట్టి జల్లితే అచ్చం ఈ ఊళ్ళ నేలలాగే ఉంటుంది. ఆ సంగతి డెస్‌కి చెప్పింది నేనే.

మొదటిసారి మా అమ్మాయి ఫెబిని తీసుకుని ఎగ్జిబిషన్‌కి వెళ్ళినప్పుడు, మీ చెట్లు కాలీఫ్లవర్ ముక్కల్లా ఉన్నాయని డెస్ మొహం మీదే అనేశాను. అయితే నువ్వే చేసి చూపించు అన్నాడు. రిటైరయిన జాగ్రఫీ టీచర్. భార్య పోయింది, పిల్లలు లేరు. అప్పటినుంచి శనివారాలు ఆయన గరాజ్‌లోనే. చూడటానికి వచ్చినవాళ్ళు మాత్రం మీ ఆయనేరీ అని నన్నే అడుగుతారు. మా ఆయన హాస్పిటల్లో నర్సు, ఇంజనుకీ బోగీకీ తేడా తెలియదు అని చెప్తాను.

27 మార్చి

రెండు కిలోమీటర్లు దాటి వెళ్ళకూడదట. డెబ్బై దాటినవాళ్ళు గడప దాటకూడదట. దానికి కకూనింగ్ అని పేరు, పట్టుగూడులో ఉన్నట్టు ఉండటం. డెస్‌కి డెబ్బై ఎనిమిది. చివరికి నన్ను పట్టుపురుగుని చేశారు మణీ అని నవ్వాడు.

సాయం చేయడానికైతే మా అత్లోన్ నుంచి డెస్ ఉండే మోట్ వెళ్ళనిస్తారు. కానీ మా ఆయన లాజరస్‌కి కోవిడ్ వార్డులో డ్యూటీ వేశారు. మా ఇంట్లోంచి ఏం మోసుకెళ్తావో నీకు తెలుసా, ఆ ముసలాయన్ని నువ్వే చంపుకుంటావే అన్నాడు. నిజమే. వెళ్ళను. ఆయన బతికుంటే చాలు, చెట్లకి తొందరేముంది.

30 మార్చి

డెస్‌కి మిస్డ్ కాల్ నేర్పాను.

రోజూ ఫోన్‌లో కబుర్లు ఆయనకి పడవు. చెప్పడానికేముంది, బాగానే ఉన్నా, ఐ యామ్ గ్రాండ్ అని పెట్టేస్తాడు. కానీ ఒంటరి మనిషి, ఎలా ఉన్నాడో నాకు తెలియాలిగా. ఒంగోల్లో మా ఇంట్లో అందరికీ ఇదే అలవాటు. బస్సెక్కితే ఒక రింగు, హాస్టల్ చేరితే రెండు. ఎత్తితే అమ్మ తిట్టేది. అదే చెప్పాను. టీవీలో సాయంత్రం ఆరింటికి ప్రార్థనకి కొట్టే యాంజెలస్ గంట అయిపోగానే రెండు రింగులిచ్చి కట్ చెయ్యి, బాగున్నావని అర్థం. నేను ఎత్తను. తిరిగి నేనిస్తాను, నువ్వు ఎత్తకు.

తెగ మురిసిపోయాడు. పాతరోజుల్లో సిగ్నల్ క్యాబిన్లవాళ్ళు ఇలాగే గంటలు కొట్టుకుని మాట్లాడుకునేవారట. బండి పంపనా అని ఒకడు, పంపు అని ఇంకొకడు.

మనం బాప్టిస్టులం, ఆ క్యాథలిక్ గంటతో నీకేం పనే అని లాజరస్ ఆటపట్టించాడు.

4 ఏప్రిల్

రెండు రింగులు.

5 ఏప్రిల్

నాలుగు. ఆయన లావు వేళ్ళకి ఆ ఎర్ర బటన్ ఒక పట్టాన దొరకదు.

11 ఏప్రిల్

నదిదాకా నడిచాను. గాల్వే రైలు వంతెన మీదుగా వెళ్ళింది. బోగీలన్నీ ఖాళీ, లైట్లు మాత్రం వెలుగుతున్నాయి. ఒక్క బోగీలో ఒక్క మనిషి, మాస్కు. బోగీల అడుగుభాగం తుప్పురంగు కాదు, దుమ్ముపట్టిన నలుపు. మా నమూనాలో మరీ ఎర్రగా వేశాం. ఇంటికొచ్చి డెస్‌కి చెబుదామని ఫోన్ తీశాను. మళ్ళీ, విసుక్కుంటాడేమోనని ఊరుకున్నాను. అన్నీ కలిసినప్పుడు చెప్తాను.

16 ఏప్రిల్, గురువారం

సాయంత్రం ఆరు దాటాక చపాతీపిండి కలుపుతుంటే ఫోన్ మోగింది. మోగుతూనే ఉంది. విల్ ఐ గెట్ ఇట్, మామ్ అని ఫెబి అడిగింది. వద్దు, డెస్ అంకులే, కట్ చేయడం మర్చిపోయుంటాడు అన్నాను. చేతులు కడుక్కుని నా రెండు రింగులిచ్చాను. ఎత్తలేదు. బాగానే నేర్చుకున్నాడు.

17 ఏప్రిల్

రాలేదు. నేనే చేశాను. స్విచాఫ్. చేస్తూనే ఉన్నాను.

18 ఏప్రిల్

వాళ్ళ పక్కింటి నోరా చెప్పింది. గురువారం పొద్దున్నే అంబులెన్స్ వచ్చి, లాజరస్ పనిచేసేది కాదు, వేరే హాస్పిటల్‌కి తీసుకెళ్ళిందట. ముందు దగ్గు, తరువాత ఊపిరాడలేదట. మణికి చెప్పొద్దు, ఆ ఇంట్లో ఇప్పటికే బోలెడు భయం ఉంది అన్నాడట.

గురువారం పొద్దున్నే. అంటే సాయంత్రం ఆ ఫోన్ చేసింది ఇంటినుంచి కాదు.

23 ఏప్రిల్

డెస్ పోయాడు.

25 ఏప్రిల్

వార్డులో ఆయన్ని చూసుకున్న నర్సు ఫోన్ చేసింది. చిన్నపిల్ల గొంతు. గురువారం వెంటిలేటర్ పెట్టే ముందు, ఎవరితోనైనా మాట్లాడతారా అని అడిగిందట. నా పేరు చెప్పాడట. ఆ అమ్మాయే ఆయన ఫోన్‌లోంచి నంబరు కలిపి చెవి దగ్గర పెట్టిందట. మోగి మోగి ఆగిపోయిందట. మళ్ళీ చేయనా అంటే అక్కర్లేదన్నాడట. ఎత్తలేదంటే మణి బాగున్నట్టు, అది మా పద్ధతి అన్నాడట. కాసేపటికి నా రెండు రింగులు వెళ్ళాయి. చూశావా, చెప్పానుగా అని ఆ అమ్మాయి వైపు చూసి నవ్వాడట. తరువాత మత్తు ఇచ్చారు.

నాకు ఓదార్పుగా ఉంటుందని చెప్పింది పాపం. థాంక్యూ అన్నాను. ఫోన్ పెట్టేశాక వంటింట్లో నేలమీద కూలబడి ఏడ్చాను. మాట్లాడాలని చేశాడు. ఎప్పుడూ మాట్లాడనివాడు ఆ ఒక్కసారి మాట్లాడాలని చేశాడు. చేతులకి పిండి ఉంటే మాత్రం ఏం, ఫెబి ఎత్తేది కదా. వద్దన్నాను.

నీ తప్పు కాదే అన్నాడు లాజరస్. తనకలా అనక తప్పదు.

27 ఏప్రిల్

చర్చిలోకి పదిమందినే రానిస్తారు. మిగతావాళ్ళం మోట్‌లో రోడ్డు పక్కన దూరం దూరంగా నిలబడ్డాం, రైల్వే గేటు దగ్గర బండి కోసం ఆగినట్టు. లాజరస్ డ్యూటీ మార్చుకుని వచ్చాడు. శవపేటిక ఉన్న కారు నెమ్మదిగా వచ్చింది. వీడ్కోలుగా అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. బోగీల కింద ఎరుపు కాదు డెస్, నలుపు అని తెలుగులో పైకే చెప్పాను. అప్పటికే కారు దాటిపోయింది.

9 జూన్

ఇప్పుడు ఏ ఫోన్ మోగినా మొదటి రింగుకే ఎత్తుతున్నాను. ఇవాళ ఎవరో బ్రాడ్‌బ్యాండ్ అమ్మే మనిషి. మాకు అక్కర్లేదు. అయినా అడిగినవాటికన్నిటికీ జవాబు చెప్పాను. నేను పెట్టేయలేదు. అతనే పెట్టేశాడు.