వెనక వరుసలో మంజిరి గొంతు

ఇచల్‌కరంజి

తమ్ముడూ దిగంబర్, మా అమ్మాయి మంజిరి గొంతు వినపడిందిరా! టీవీ భజనలో వెనక నిలబడి ఊరికే పెదవులు ఆడిస్తుందని పెళ్లి పంక్తిలో అందరూ నవ్వారే, ఛీ, తలుచుకుంటే నాకింకా అన్నం సహించదు.

నిన్న భజన వచ్చే వేళకే చవకలో రెండు చిన్న స్పీకర్లు చూద్దామని కొట్టుకు వెళ్లాను. మరమగ్గాల మోతకు ఊరంతా చెవిటిదయిందిగా, కొట్టువాడు వాటిని టీవీకి తగిలించి, భజనలో డోలు దరువే పెంచి, "ఎలా దద్దరిల్లుతోందో చూడు బాబాయ్!" అన్నాడు. "థూ! ఆ మోతలో నలభయ్యేళ్లు చచ్చాను, తగ్గించరా!" అన్నాను. విసుక్కుంటూనే తగ్గించాడు. ఎడమ పెట్టెలోంచి, తంబురా పక్కనే, సన్నగా, స్పష్టంగా మన పిల్ల! కొట్లోనే ఏడ్చేశాను.

ఈ మాట సాంగ్లీ పెద్దక్కకు చెప్పు, మిరజ్ బావకు చెప్పు, గడహింగ్లజ్ వియ్యంకులకు చెప్పు. అందరికంటే ముందు, ఆ రోజు అందరికంటే గట్టిగా నవ్విన మీ ఆవిడకు చెప్పు.