ఊళ్లో మేం లేని మూడు రోజులు

బయ్యన్న బావకు,

ధర్మవరంలో మీరంతా బాగున్నారని తలుస్తాను. వచ్చే సోమవారం నేనూ సునందా బ్యాంకాక్ పోతున్నాం. నవ్వకు, పంపిస్తున్నది మా ఊరే.

మేం లేపాక్షి పోయిన రోజు ఇక్కడ తుంపర పడింది. మైసూరు పోయినప్పుడు వంక పారింది. మేం ఊళ్లో ఉంటే చినుకు రాలదు, ఎంత దూరం పోతే అంత వాన అని ఊరు తేల్చేసింది. సర్పంచు నారాయణమ్మే టిక్కెట్లు తెచ్చిచ్చి, "శెనక్కాయ విత్తేదానికి గట్టి వాన కావాలప్పా. మూడు దినాలు బాగా తిని, తిరిగి రాండి. ముందే మాత్రం రావాకండి" అంది.

సునంద అక్కడ పడవల మీద సంత చూడాలంటోంది, మామిడిపండుతో అన్నం తినాలంటోంది. ఆ అన్నం దిగకపోతే ఎట్లా అని ఊరిబిండి పచ్చడి కూడా కట్టుకుంది.

నీతో ఒక పని పడింది. ఆ మూడు రోజులూ మా ఇంట్లో ఉండు. వాన పడితే అందరూ విత్తే గొర్రు కట్టుకొని ఎవరి చేలకు వాళ్లు పోతారు, నన్నెవరూ తలుచుకోరు. నువ్వు మా చేలో నిలబడి వీడియో కాల్ చెయ్యి. బ్యాంకాక్‌లో రోజూ వానేనంట, అది నాకెందుకు? పదహారేళ్లుగా ఈ చేను విత్తుతున్నాను బావా, దానిమీద వాన పడుతుంటే ఒక్కసారీ చూడలేదు.

నీ బామ్మర్ది