అమ్మ చెప్పమన్న మాటలు

సోలాపూర్,
కార్తీక మాసం, 1958.

చిరంజీవి పాండురంగానికి మీ నాయిన నిండు మనసుతో దీవించి రాసేది. నేను బాగానే ఉన్నాను. నీ చెల్లెలు పద్మ, అల్లుడు, వాళ్ళ చంటిపిల్ల బాగున్నారు. నువ్వు బొంబాయిలో వేళకు తిని, వేళకు పడుకుంటున్నావని తలుస్తాను.

నీ ఉత్తరం అందిన వెంటనే జవాబు రాయలేదని కోపం తెచ్చుకోకు. మొదలుపెట్టడం, చింపేయడం, ఇదే సరిపోయింది. ఇంత చదువు చెప్పించిన కొడుకుకు ఉత్తరం రాయాలంటే తండ్రికి ఇంత జంకు ఏమిటో నాకే విడ్డూరంగా ఉంది.

ముందు ఇక్కడి సంగతులు. చలి మొదలైంది కాబట్టి చద్దర్లకు గిరాకీ వచ్చింది. సేటు కార్ఖానాలో కరెంటు మగ్గాలు దింపాడు. వాటి మోత ముందు మా చేతిమగ్గాల చప్పుడు దోమ పాటలా అయిపోయింది. పక్క మగ్గం లింగయ్య వాటిని చుట్టూ తిరిగి చూసి, "ఇది మగ్గమా, రైలింజనా? టికెట్ ఎక్కడ ఇస్తరు?" అన్నాడు. అందరూ నవ్వారు కానీ ఎవరికీ లోపల నవ్వు లేదు. నన్ను మాత్రం ఇంకా జకార్డు మగ్గం మీదే ఉంచారు. నెమళ్ళ చద్దరు నేస్తున్నాను. పద్మ బిడ్డకు పళ్ళు వస్తున్నాయి, కనబడినదల్లా కొరుకుతున్నది. మొన్న ఎత్తుకుంటే నా భుజం కొరికి, నన్నే చూసి ఏడ్చింది.

ఇక నువ్వు అడిగిన దానికి వస్తాను. నీ లెక్కల మిషను సంగతి నాకు సగం అర్థమైంది. కాగితపు పట్టీ మీద బెజ్జాలు కొట్టి పంపిస్తే, మిషను ఆ బెజ్జాలను చదివి అంకెలు తెలుసుకుంటుందని రాశావు. అంతవరకు నాకు కొత్త కాదు. నా మగ్గం మీద తిరిగే అట్టలకూ బెజ్జాలే, వాటిని బట్టే పోగులు లేస్తాయి, నెమలి వస్తుంది. పట్టీ చిరిగినా, బెజ్జంలో దుమ్ము పడినా, చదవడం కుదరనప్పుడు మిషను ఏం చేయాలో చెప్పే ఆజ్ఞలు రాయడం నీ పని అన్నావు. ప్రతిదానికీ ఆగితే పని తెమలదని మీ పెద్దసారు అంటున్నాడు, ఆగకపోతే ఎట్లా అని నువ్వంటున్నావు. "మగ్గం మీద మీరేం చేస్తరు నాయినా?" అని నన్ను అడిగావు. నాలుగో తరగతి చదివినవాడు ఏం చెబుతాడు? మేం చేసేది చెబుతాను. పనికొస్తే తీసుకో, లేకపోతే ముసలాడు వాగాడనుకో.

అడ్డంగా పేక పోగును మోసుకుపోయే నాడె నడుమ చిక్కుకుందనుకో, తీసి మళ్ళీ విసురుతాం. మళ్ళీ చిక్కితే మళ్ళీ ఒకసారి. అప్పటికీ పోకపోతే ఇక విసరకూడదు, ఎక్కడో పోగు వదులైందని వెతకాలి. పడుగులో పోగు తెగితే ఆగి ముడి వేయాలి. అట్ట చిరిగితే మాత్రం నేతగాడి ఊహ పనికిరాదు. అక్కడ బెజ్జం ఉండాలో, ఉండకూడదో వాడికి తెలియదు కదా. అట్టలకు బెజ్జాలు కొట్టే పెంటయ్యకు కబురు పంపి కూర్చోవాలి. తప్పు అట్ట మీద అప్పటికే నేసేస్తే అన్నిటికన్నా కష్టం. అట్టలు వెనక్కి తిప్పుకుంటూ, నేసిన పేకను ఒక్కొక్క పోగే విప్పుకుంటూ తప్పు మొదలైన చోటికి పోవాలి. విప్పిన దానికి కూలి రాదు. అయినా వేరే దారి లేదు.

చేయకూడనిది కూడా ఒకటి ఉంది. పోయినేడు లింగయ్య తెగిన పోగుకు ముడి వేయకుండా పక్క పోగుకు కలిపేసి నేశాడు. మగ్గం మీద నిండుగా కనబడింది. మడత పెట్టేటప్పుడూ ఎవరికీ తెలియలేదు. ఒక్క ఉతుకుకు నడుమ చార విచ్చుకుంది. కొన్నవాడు తెచ్చి సేటు ముందు పరిచాడు.

"అరే లింగయ్యా, పోగు తెగిందని చెప్తే నేనేమన్న ఉరి తీస్తుంటినా?" అన్నాడు సేటు.

"ఆగితే గజం తక్కువైతదని ఊకున్న సేట్. మంచిగనే కనవడ్డది గద," అన్నాడు లింగయ్య తల వంచుకుని.

ఆ రోజు అందరితోపాటు నేనూ లింగయ్యను ఆడిపోసుకున్నాను. ఇప్పుడు ఆయన ముఖం చూడలేకుండా ఉన్నాను.

నీ ఉత్తరం రెండో పేజీ గురించి చెప్పాలి. ఒకసారి పట్టీ నడుమ చిరిగిపోయి మిషను లోపలికి ఒక్క అంకె కూడా రాలేదని రాశావు. చదివావా, లేదా అని మిషనును అడిగే ఆజ్ఞ నువ్వు రాయలేదట. అందుకని అది తన దగ్గర మిగిలి ఉన్న పాత అంకెనే కొత్తగా వచ్చిందనుకుని, మళ్ళీ మళ్ళీ అదే వాడుకుంటూ పోయిందట. "బయటికి వచ్చిన కాగితం ఎంత చక్కగా ఉండెనో నాయినా, ఒక్క గీత చెరగలేదు, అందరం సంబురపడ్డం" అని రాశావు. దాని కిందనే, నా ఉత్తరాల చివర ఎప్పుడూ ఉండే 'అమ్మ చెప్పమన్నది' గురించి రాశావు. "అమ్మకు వేరే మాటలే లేవా? చెవులకు గుడ్డ కట్టుకో, సముద్రం గాలి మంచిది కాదు అని ప్రతి ఉత్తరంల అదే చెప్పిస్తున్నది. ఇక్కడ చెమటలు కారుతున్నయని చెప్పు" అని నవ్వులాటగా రాశావు.

రెండూ ఒకే పేజీలో రాశావు. నీకు తట్టలేదు, నాకు తట్టింది. ఉత్తరం మగ్గం మీదే పెట్టి కిందికి దిగాను. ఆ రోజు మళ్ళీ నేయలేదు.

పాండూ, మీ అమ్మ లేదు. భాద్రపదంలో, గణపతులను నీళ్ళలో కలిపిన మర్నాడు పోయింది.

ఆ తర్వాత నీకు వచ్చిన ఉత్తరాలలో అమ్మ చెప్పమన్నదని ఉన్న మాటలు ఆమె చెప్పినవి కావు, నేను రాసినవి. అంతకుముందు నేను ఉత్తరం రాస్తుంటే ఆమె బీడీల చాట ఒళ్ళో పెట్టుకుని, ఆకు చుడుతూనే ఏదో ఒకటి చెప్పేది. నేను సగం రాసి సగం వదిలేసేవాణ్ణి. ఇంత సొద ఎవరు రాస్తారని విసుక్కునేవాణ్ణి కూడా. ఆమె పోయాక మొదటి ఉత్తరానికి అట్లా వదిలేసిన మాటల్లో ఒకటి గుర్తొచ్చింది. ఆ తర్వాత ఎంత వెతికినా దొరకలేదు. పక్క ఖోలీలో ఉండే గోదావరిని అడిగాను. ఇద్దరూ ఒకే గడప మీద కూర్చుని బీడీలు చేసేవారు కదా.

"ఏమంటదన్నా, చెవులకు గుడ్డ కట్టుకొమ్మంటది," అన్నది గోదావరి. "బొంబాయంటే వదినెకు సముద్రమే గద. ఇంకేం ఎరుక ఆమెకు?" అని, చేతిలో ఆకు పక్కన పడేసి కొంగు నోట్లో కుక్కుకుంది. గోదావరి నోట్లో నువ్వుగింజ నానదని నేనే ఎన్నోసార్లు ఎగతాళి చేశాను. ఇన్ని రోజులు ఈ సంగతి నీకు చేరకుండా ఆమే దాచింది.

నాకు లోపలికి ఏ మాటా రావడం లేదు కొడుకా. నా దగ్గర మిగిలిన పాత మాటనే కొత్తదని చెప్పి నీకు పంపుతూ పోయాను. నువ్వు చదివి నవ్వుకున్నావు.

వెనక్కి పోయి మొదటినుంచి చెబుతాను. ఉగాదికి నువ్వు వచ్చినప్పుడే ఆమెకు దగ్గు ఉంది. తంబాకు దుమ్ము అని నీతో అన్నది, నాతోనూ అదే అన్నది. ఆషాఢంలో దగ్గితే రక్తం పడింది. దవాఖానాలో చూసి ఊపిరితిత్తులు చెడిపోయాయన్నారు, బీడీల పని మానుకోమన్నారు. ఆమె మానలేదు. నెత్తురు పడ్డ గుడ్డలు చాట కింద దాచిపెట్టి చుడుతూనే ఉంది. నీకు రాస్తానని నేను కాగితం తీస్తే ఆమె లేచి వచ్చి నాడె నా చేతిలో పెట్టింది.

"పాండు ఆ లెక్కల మిషిన్‌ను సాబులకు చూపెట్టే దాక వానికి రాయొద్దు. అప్పుడు నాకు జరమొస్తే పరీక్ష ఇడిసిపెట్టి ఉరికొచ్చిండు, ఏడాది ఖరాబైంది. ఈ పారి నా వల్ల ఖరాబు కావొద్దు. నాడె పట్టుకొని ఒట్టెయ్యి."

వేశాను. మన ఇళ్ళలో నాడె పట్టుకుని వేసిన ఒట్టు సంగతి నీకు చెప్పనక్కరలేదు. ఆకలికి తప్పినవాళ్ళు ఉన్నారేమో కానీ, ఒట్టు తప్పి మళ్ళీ ఆ నాడెనే పట్టుకున్నవాణ్ణి నేను చూడలేదు. పద్మ మాత్రం ఊరుకోలేదు, నీకు టెలిగ్రాం ఇమ్మని పట్టుబట్టింది.

"అన్నకు తార్ కొట్టు నాయినా. మిషిన్ ఇయ్యాల కాకపోతే రేపు చూపెడుతరు. అమ్మ మళ్ళొస్తదా?"

"నాడె పట్టుకున్న బిడ్డా. నన్నేం చెయ్యమంటవ్?"

"నాడె ఇంకోటి తెచ్చుకో!" అని అరిచి వెళ్ళిపోయింది. ఆ పిల్ల చెప్పిందే న్యాయం. అది నాకు అప్పుడూ తెలుసు.

దినకర్మలన్నీ నేనే చేశాను. నిప్పు నేనే పెట్టాను. అది నీ చేతుల మీదుగా జరగవలసింది, నీకు దక్కకుండా చేశాను. అస్థికలు మాత్రం కలపలేదు. మూట కట్టి ఇంటి బయట, వెనక వేపచెట్టుకు కట్టి ఉంచాను. ఇన్నాళ్ళు ఉంచకూడదని కులపెద్దలు తిడుతున్నారు. తిట్టనీ. పండరిపురంలో, ఆమె పేరున్న చంద్రభాగ ఏటిలో నువ్వే కలపాలి.

ఇంకొకటి మిగిలింది. ఇది పద్మకు కూడా తెలియదు. ఇంతవరకు రాసిందంతా ఒట్టు పేరు చెప్పి రాశాను. ఇప్పుడు చెప్పేదానికి ఒట్టును సాకుగా చెప్పుకోలేను.

పోయే ముందురోజు పొద్దున ఆమే నన్ను పిలిచింది. "పాండుకు తార్ కొట్టు" అన్నది. తానే ఒట్టు విడిచిపెట్టింది. కొడుతానని చెప్పి బయటికి వచ్చాను. కొంతం చౌక్ దాకా నడిచి, అక్కడ ఒక అరుగు మీద కూర్చుని, తిరిగి ఇంటికి వచ్చాను. జ్వరంలో అంటున్నది, తగ్గితే నన్నే తిడుతుంది అనుకున్నాను. అది సగం నిజం. ఇన్ని నెలలు అందరం బాగున్నామని రాసినవాణ్ణి, నువ్వు వస్తే నీ ముఖం ఎట్లా చూడాలని భయపడ్డాను. మిగతా సగం అది.

"కొట్టినవా?" అని అడిగింది.

"కొట్టిన," అన్నాను.

అప్పుడు కొట్టి ఉంటే మర్నాడు పొద్దుటి రైలుకు నువ్వు ఇక్కడ ఉండేవాడివి. మర్నాడు మధ్యాహ్నం, వాడంతా మగ్గాలు ఆడుతున్న వేళ, ఆమె తల గడప వైపు తిప్పింది.

"వచ్చిండా?"

"వచ్చిండు. బయట కాళ్ళు కడుక్కుంటున్నడు," అన్నాను.

చెదిరిన వెంట్రుకలు వెనక్కి దువ్వుకుందామని చెయ్యి ఎత్తబోయింది. అది లేవలేదు. నేను సర్దాను. "వానికి బువ్వ పెట్టు" అన్నది. ఆ తర్వాత గడపనే చూస్తూ ఉంది. చాలాసేపటికి గానీ పోయిందని నాకు తెలియలేదు. కళ్ళు నేనే మూశాను.

మిషను చూపించేది వచ్చే నెలకు వాయిదా పడిందని రాశావు. ఈ ఉత్తరం చదివి నీ చేయి తప్పితే ఆ పాపమూ నాదే. కానీ ఏమీ రాని చోట ఏదో వచ్చినట్టు ఇంకా నీకు రాయడం నావల్ల కాదు. నా మగ్గం ఇక్కడ ఆగిపోయింది. ఎక్కడ తెగిందో నీకు చెప్పాను.

కోపంగానే రా. నాతో మాట్లాడకు, నేను వండింది తినకు, పద్మ ఇంట్లోనే ఉండు. నిన్ను ఒక్క మాట అడగను. కానీ ఒక్కసారి మన గడప తొక్కు బిడ్డా. బయట బిందెలో నీళ్ళు పెట్టి ఉంచుతాను. కాళ్ళు కడుక్కుని లోపలికి రా.

ఇట్లు,
మీ నాయిన