కాలిన కొండకు మళ్లీ పైన్ మొక్కలు

యెర్కో,

రాజధాని జాగ్రెబ్‌లో అటవీశాఖ కుర్చీలో కూర్చుని నువ్వు సంతకం పెట్టిన ఉత్తర్వు చదివాను.

కాలిన కొండ మీద మళ్లీ పైన్ మొక్కలే నాటాలట, మేకలు అటు తొంగిచూడకూడదట! నా చిన్నప్పుడూ ఇదే చట్టం. "మేకలు అడవిని మేసేస్తున్నాయి" అంటూ అధికారులొచ్చి మీ తాత చేతే మందనంతా కోయించారు. మేసే నోరు లేక పొదలూ పైన్లూ మన గడపదాకా పెరిగాయి. మొన్న ఆగస్టులో నిప్పంటుకుని, కొండమీంచి విరుచుకుపడే బురా గాలికి రేగి వాటితోపాటు సగం ఊరు కాలిపోయింది.

"అత్తా, అవన్నీ పాతకాలం గొడవలు" అని ఫోన్లో నవ్వావు. ఆ బూడిద ఇంకా నా గుమ్మం మీదే ఉందిరా, సిగ్గులేనివాడా!

ఆనాడు మీ తాత ఒక్క ఆడమేకను నేలమాళిగలో దాచాడు. ఈస్టర్‌కి నువ్వు వేళ్లు నాకుతూ తిన్న చీజ్ దాని సంతతిదే.

మొక్కలు తీసుకుని నువ్వే రా. నా మేకలు ఆకలి మీదున్నాయి.

మీ అత్త