తెర నిలబడ్డ రోజు

తూర్పు బాయి కాలనీ,
ఆదివారం పొద్దున.

చిరంజీవి స్వరూపకు మీ అవ్వ దీవించి రాయునది. ఇక్కడ మేమంత బాగున్నం, నువ్వు అక్కడ బాగున్నవని తలుస్తున్న. ఈ మాట నా చేయి నన్ను అడగకుండనే రాసేసింది బిడ్డా. కొట్టేద్దామని కలం ఆపి, మళ్ల ఉండనీ అనుకున్న. మీ బాపు కాళ్లు చేతులు బాగనే ఉన్నయి. నాకు జరం లేదు, నొప్పి లేదు. ఆ మేరకు అది అబద్ధం కాదు.

నీ ఉత్తరం వచ్చి చాన రోజులాయె. జవాబు రాద్దామని కూసుంటున్న, లేస్తున్న. నువ్వు అడిగినవన్ని చెప్తా. చెన్నూరు నుంచి మీ మేనమామ పంపిన పెసర్లు అందినయి. అందుల సగం నీకు పంపుతా, హాస్టల్ల నానబెట్టుకొని తిను. వానలు గట్టిగనే ఉన్నయి. వంటింటి మూలకు కారుతున్నది. మీ బాపు రేకు సరిచేస్తనని నిచ్చెన వేసిండు. ఎక్కలే. నిచ్చెన అట్లనే గోడకు ఉన్నది. నేను తీయమనలే.

కంప్యూటర్ తెర ఇంకా వణుకుతున్నదా, రిపేర్ అయిందా అని అడిగినవ్. ఇంకేదన్న దారి ఉన్నదేమో మా క్లాసుల సారును అడిగి చెప్తా, లక్షణాలు రాసి పంపు అన్నవ్. రాస్తా. నీకు తెలిసిన సంగతులు కూడ మొదటి నుంచి రాస్తా, విసుక్కోకు. వరుసగ రాస్తే తప్ప నా మనసుల ఏది ముందో ఏది వెనకో నిలబడుతలేదు.

నువ్వు ఎండకాలంల ఆ కంప్యూటర్ తెచ్చి ముందటి అర్రల పెట్టి పోయిన వారం నుంచే దానికి ఆ రోగం. టైపు చేస్తుంటే అక్షరాలు ఉన్నట్టుండి జలజల వణికేవి. బొమ్మ నాలుగు దిక్కుల నుంచి లోపలికి గుంజుకొని, మళ్ల మెల్లగ విచ్చుకునేది. కరీంనగర్ నుంచి షాపతను వచ్చిండు. వెనక వైరు పీకి, పిన్నులు ఊది, స్క్రూలు బిగించిండు. "ట్యూబ్ పోయింది మేడమ్" అన్నడు. వేరే మానిటర్ తెచ్చి పెడితే అదీ వణికింది. అప్పుడు ఇల్లంత ఒకసారి చూసి, "మీ ఇంట్లనే ఏదో ఉన్నది" అనుకుంట పోయిండు. ఏదో దయ్యాన్ని చూసినట్టు.

నువ్వేమో ఉత్తరాల మీద ఉత్తరాలు. ఫ్యాన్ కింద నుంచి టేబుల్ జరుపు, ఫ్రిజ్ పక్కన పెట్టకు, ట్యూబులైటు బందు పెట్టి చూడు, ఎర్తింగు సరిగ ఉన్నదా చూడు. నేను ఎం.ఏ. తెలుగు చదివినదాన్ని, ఎర్తింగు అంటే నాకేమి ఎరుక? మీ బాపు మునగచెట్టు పక్కన గుంత తవ్వి, ఉప్పు, కట్టెబొగ్గు పోసి రాగి తీగ దించుతుంటే, మీ బుచ్చి కాక గోడ మీద నుంచి తొంగి చూసిండు.

"ఏంది వదినె, కంప్యూటర్ సచ్చిందా? బొంద తవ్వుతుండు అన్న!"

"నువ్వు జర మూస్కోని ఆ ఉప్పు ఇటియ్యి" అన్నడు మీ బాపు.

"ఉప్పెందుకే అన్నా, కారం కూడ పొయ్యి. రుచిగ వణుకుతది."

ఎల్లక్క వాళ్ల వాకిట్ల నుంచి, "నా మొగనికి బాయిల బెల్లు కొట్టుడు తప్ప ఏమొచ్చు, రానియ్యకు అక్కా లోపలికి" అని నవ్వింది. ఆ నవ్వు నాకు ఇంకా వినపడుతున్నది స్వరూపా. గోడకు అటు దిక్కు ఇప్పుడు ఎవ్వరు నవ్వుతలేరు.

గుంత తవ్వినా వణుకు పోలే. ఎప్పుడెప్పుడు వణుకుతదో కనిపెట్టమని నువ్వు రాసినవ్. కనిపెట్టిన. ఆదివారం అస్సలు వణుకది. షిఫ్టు మారే యాళ్లకు ఆగకుండ వణుకుతది. అయినా నాకు తట్టలే. మీ బాపుకు తట్టింది. ఒకరోజు ఆయన డ్యూటీ లేక ఇంట్ల చాయ తాగుతుండు. తెర వణికింది. ఆయన కిటికీల నుంచి బయటికి చూసిండు. బొగ్గు బాయి మీది పెద్ద చక్రం కనవడుతది గద అక్కడికి.

"ఆగు. చక్రం చూడు, నీ తెర చూడు."

చక్రం తిరుగుతుంటే అక్షరాలు వణికినయి. చక్రం ఆగింది, అక్షరాలు నిలబడ్డయి.

"ఓసి నీ! గిది రోగం కాదే అనసూర్యా. గిది నా ఇంజనే!"

ఇరవై ఏండ్ల సంది మీ బాపు తోలుతున్న ఇంజనే. లోపలి మనుషులను కేజిల పెట్టి పైకి గుంజే ఇంజన్. అది ఒక్కసారి లేచిందంటే కాలనీ లైన్ల కరెంటు క్షణం సేపు కుంగుతది. కుంగిన కరెంటు నా తెర మీద కనవడుతది. ఇంతే. మంచి స్టెబిలైజర్ పెడితే పోతదని నువ్వు రాసినవ్. తెప్పిస్తనంటే మీ బాపే వద్దన్నడు. "ఉండనియ్యే. నేను పనిల ఉన్ననని నీకు ఇంట్లనే తెలుస్తది గద." అప్పటి సంది ఇంటికి రాంగనే అదే మాట, "ఇయ్యాల నీ అక్షరాలను మస్తు ఊపిన గద!" బుచ్చి కాక ఊకుంటడా? "అన్న ఒక్కడే ఊపుతుండా వదినె? కింద నేను బెల్లు కొడితెనే గద పైన అన్న చేయి లేస్తది. మనుషులు ఎక్కితే మూడు బెల్లులు. నేను కొట్టకుంటే మీ ఆయన ఉత్త చేతులోడే."

నిజమే. వాడు బాయి అడుగున బెల్లు తీగ దగ్గర, ఈయన పైన ఇంజన్ దగ్గర. ఒకరి మొఖం ఒకరికి కనవడది. నడుమ ఒక తీగ. అందరినీ ఎక్కించి ఆఖరుకు ఎక్కేది వాడే.

ఇగ ఆ బుధవారం. నువ్వు దినాలకు వచ్చి పోయినవ్, బాయిల పొగ ఎట్ల లేచిందో, ఎవరెవరు ఎట్ల బయటపడ్డరో అందరు చెప్పంగ విన్నవ్. నేను చెప్పలే. ఇప్పుడు చెప్తున్న.

పగటి అన్నం తిని, కాలేజీ వాళ్ల ప్రశ్నాపత్రం టైపు చేస్తున్న. షిఫ్టు మారే యాళ్ల కాదు. అయినా తెర వణుకుడు మొదలుపెట్టింది, ఆగుతలేదు. ఒకదాని మీద ఒకటి. అక్షరం కుదురుగ కనవడక ఒత్తులన్ని తప్పులు పడ్డయి. చికాకుతోని, "ఇయ్యాల ఏం పుట్టింది ఈయనకు" అని పైకే అన్న. కిటికీ దిక్కు తల తిప్పితే చక్రం కనవడేది. తిప్పలే. తర్వాత ఒక్కసారిగ నిలబడ్డది. అంత కుదురుగ ఆ తెరను నేను ఎన్నడు చూడలే. నాకు సంతోషమైంది స్వరూపా. "అబ్బ, బాగైంది" అనుకున్న. ఆ సంతోషంల మిగిలిన ప్రశ్నలు తప్పులేకుండ కొట్టిన. అప్పుడు సైరన్ మోగింది.

ఎల్లక్క వాకిట్ల నుంచి ఉరుకుకుంట, "అక్కా, రా!" అని పిలిచింది. "నువ్వు నడువు, వస్తున్న" అన్న. కరెంటు పోతదేమో, చేసిన పని పోతదేమోనని ఫ్లాపీల దాచుకుందామని ఆగిన. ఆ ఫ్లాపీ గరగరమని ఎంతసేపు తిరిగిందో. సైరన్ మోగుతనే ఉన్నది, నేను తెరనే చూస్తున్న. రెప్ప కూడ వేయకుండ. అది ఇసుమంత కూడ కదలలే.

తర్వాత సంగతి నీకు తెలుసు. అందరు వచ్చిండ్రు, బుచ్చి కాక రాలే. గాలి తగిలితే మంట పెరుగుతదని బాయి మూతికి రేకులు, ఇసుక వేసి మూసిండ్రు. ఆ మూసుడు తప్పా ఒప్పా నాకు తెల్వదు. తెలిసినోళ్లు కూడ తలా ఒక తీరు చెప్తున్నరు.

నీకు తెల్వనిది ఇది. నువ్వు పోయిన వారానికి, పొద్దున చాయ ఇస్తే పట్టుకోకుండ మీ బాపు నన్ను అడిగిండు, "అనసూర్యా, సైరన్ మోగినంక నీ తెర కదిలిందా?"

ఎందుకన్న.

"ఇంజన్ ఆపుమని ఫోన్ల ఆర్డర్ వచ్చింది. ఆపిన. అప్పుడు ఒక్క బెల్లు మోగింది. ఒక్కటే. మిగిలిన రెండు రాలే. వాడే కొట్టిండు, వాని చేయి నాకు ఎరుక. నేను గుంజిన. గుంజిననే నాకు యాది. కాని గుంజలేదేమో, రెండో బెల్లు కోసం చూసుకుంట అట్లనే కూసున్ననేమో అని కూడ యాదికొస్తున్నది. రెండు యాదులు ఉన్నయే నాకు. ఏది నిజమో సమజైతలేదు."

ఇంజన్ రూంల ఆయన ఒక్కడే. బయట పొగల చక్రాన్ని చూసిన నాథుడు లేడు. కేజిలు రెండు, ఒకటి పైనుంటే ఒకటి కింద. గుంజినా గుంజకున్నా పైన ఒకటి ఖాళీగనే ఉంటది. "నీ తెరకే తెలుసు" అన్నడు. చాయ ఇంకా నా చేతిలనే ఉన్నది.

"కదిలింది" అన్న.

"ఎట్ల కదిలింది?"

"ఒక్కసారి. గట్టిగ. మనుషులను లేపినప్పుడు కదిలినట్టు."

మీ బాపు గోడకు ఒరిగి ఏడ్చిండు. ఏడ్చి, చాయ తాగిండు. ఆ పూట అన్నం తిన్నడు. ఆ తిన్న అన్నం చూసి నేను చేసింది మంచిదే అనుకున్న. ఒక అబద్ధం ఒక మనిషికి అన్నం పెట్టిందనుకున్న. అది అక్కడితోని ఆగుతదనుకున్న.

ఆగలే. ఆయన సీద ఎల్లక్క దగ్గరికి పోయి, "నేను వాని కోసం గుంజిన చెల్లె. వాడే ఎక్కలేకపోయిండు" అని చెప్పిండు. ఎల్లక్క మా ఇంటికి ఉరికొచ్చింది. "అక్కా, నువ్వు చూసినవట గద. మా ఆయన ఆఖరు గడియల తెర మీద కదిలిండట గద." చూసిన అన్న. ఇగ ప్రతిరోజు వచ్చి ఆ తెర ముందట కూసుంటది. ఎట్ల కదిలింది, ఏ దిక్కు కదిలింది, చెప్పు అక్కా అంటది. చెప్పిందే చెప్తున్న. చెప్పినకొద్ది నాకు మాటలు బాగ కుదురుతున్నయి, అదే భయం. నిన్న ఆమె తెర అంచుకు పసుపు రాసి బొట్టు పెట్టింది. "ఆయన పీనుగ నాకు దక్కలే, ఇదన్న దక్కింది" అన్నది. నేను తుడవలే.

ఇంకొకటి ఉన్నది. బెల్లు మోగిందంటే, మూత వేసేటప్పటికి వాడు బతికే ఉన్నడని అర్థం. ఎల్లక్క ఆలోచన ఇంకా అంత దూరం పోలే. పోయే రోజు వస్తది. ఆ రోజు ఆమె ఏడుపుకు నేను ఏ తెరను చూపించాలె?

ఇప్పుడు పట్నం నుంచి మళ్ల విచారణకు వస్తున్నరు. మొదటిసారి మీ బాపు, "ఆర్డర్ వచ్చింది, ఆపిన" అని మాత్రం చెప్పిండు. ఈసారి బెల్లు సంగతి చెప్తడట, ఆర్డర్‌ను కాదని గుంజిననని చెప్తడట. సాక్ష్యం నేను. నీకు కూడ ఉత్తరం రాస్తుండు. ఇంజన్ లేస్తే తెర కదులుతదని కంప్యూటర్ చదువుతున్నదానివి నువ్వు రాసియ్యాలెనట. ఆ ఉత్తరం కన్న ఇది ముందు చేరాలెనని రాస్తున్న. నువ్వు రాసియ్యి బిడ్డా, అది నిజమే. ఇంజన్ లేస్తే తెర కదులుతది. ఆ రోజు కదిలిందా అని అడిగేది నన్ను. కదిలిందంటే, మీ బాపును చేయని పనికి విచారణ ముందట నేనే నిలబెట్టినదాన్ని. కదలలేదంటే, ఆయనను ఆ ఒక్క బెల్లు దగ్గర, ఒళ్లె చేతులు పెట్టుకొని కూసున్న మనిషిగ జీవితాంతం కూసోబెట్టినదాన్ని. రెండిట్ల ఏదన్నా మంచిదని చెప్పడానికి నాకు ఇంత చదువు అక్కరకొస్తలేదు.

నా అనుమానాలు నీకు ఎరుకే. తలుపు గడియ పెట్టిననా లేదా అని మూడుసార్లు లేచి చూసేదాన్ని. ఈ ఒక్కదాంట్ల నాకు అనుమానం లేకుండె. రెప్ప వేయకుండ చూసిన. కాని ఎల్లక్కకు ఇన్నిసార్లు చెప్పినంక, కదిలిన తెర నాకు కండ్లకు కట్టినట్టు కనవడుతున్నది. కదలని తెరను యాది చేసుకుంటే మసక మసకగ వస్తున్నది. అది పూర్తిగ పోకముందే ఎవరికన్న రాసి పెట్టాలెననిపించింది. నీకు రాసిన. కదలలే స్వరూపా. నేను ఏం చెప్పినా, తర్వాత నేనే ఏం నమ్మినా, ఆ రోజు అది కదలలే.

తెర బాగైందా అని అడిగినవ్. బాగైంది. బాయి మూసినప్పటి సంది చక్రం తిరుగుతలేదు, కరెంటు కుంగుతలేదు. అక్షరాలు రాతి మీద చెక్కినట్టు నిలబడుతున్నయి. మీ సారును అడగవలసిన పని లేదు.

మీ బాపు మాత్రం షిఫ్టు యాళ్లకు అంగీ వేసుకొని వచ్చి దాని ముందట కూసుంటుండు. నిన్న, "అగో కదిలింది, చూసినవా?" అన్నడు. చూసిన అన్న. ఈ ఉత్తరం వంటింట్ల కూసోని రాస్తున్న. ముందటి అర్ర నుంచి మళ్ల పిలుస్తుండు. కదిలిందట. పోయి చూడాలె.

ఇట్లు,
చూసిన అని చెప్పడానికి లేస్తున్న
నీ అవ్వ,
అనసూర్య