విప్పి బిగించిన కుట్టుమిషను

అమ్మకు,
ఇక్కడ అందరం కులాసా. అల్లుడి గురించి ఇక బెంగ పెట్టుకోకు.

చెయ్యి విరిగినప్పటి నుంచి ఆయన మెకానిక్ పనే కాదు, ఇంట్లో పానా కూడా ముట్టలేదు కదా. నిన్న నా కుట్టుమిషను బిగుసుకుపోతే ఆయనే ముందు వేసుకుని మొత్తం విప్పారు. బిగించేటప్పుడు వేళ్లు వణికి మరలు జారిపోతుంటే నేను చెయ్యి చాపాను.

"ఉండవే, నన్ను చెయ్యనీ," అన్నారు.

తీరా చూస్తే ఒక మర మిగిలిపోయింది! విసుక్కుంటారనుకున్నాను. నవ్వేసి, మళ్లీ మొదటి నుంచీ విప్పారు. సాయంత్రానికి మిషను నడిచింది.

"ఇంట్లో ఇంకేం పాడయ్యాయే?" అని అడిగారు. కళ్లు తుడుచుకోవడానికి నేను వంటింట్లోకి వెళ్లిపోయాను.

నాన్న దగ్గు తగ్గిందా? చెల్లి జాకెట్టు కొలతలు పంపించు. అక్కడ ఆగిపోయిన మన గోడగడియారం మాత్రం ఎవరికీ రిపేరుకి ఇవ్వకండి. వచ్చినప్పుడు మీ అల్లుడే విప్పి చూస్తారట.

నాన్నకు నమస్కారాలు, చెల్లికి దీవెనలు.
నీ పెద్దమ్మాయి